కారు మెరుపు: తోముడా, పూతా?

ఇత్తడి పాత్ర రెండు రకాలుగా మెరుస్తుంది. చింతపండు, ఉప్పు పెట్టి తోమితే మెరుస్తుంది. లోపల కళాయి పూయిస్తే అదీ మెరుస్తుంది. చూసే కంటికి రెండూ తళతళే. కానీ ఒకటి పాత్ర నుంచి కొంత తీసెయ్యడం వల్ల వచ్చిన మెరుపు, రెండోది పాత్రకి కొంత చేర్చడం వల్ల వచ్చిన మెరుపు. వంటింట్లో గిన్నెలు తోమిన వాళ్లెవరికీ ఈ తేడా విడమరచి చెప్పక్కర్లేదు. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకో మర్చిపోతాం. రంగు వెలిసిన కారుని వర్క్‌షాపుకి తీసుకెళ్లి వచ్చి, పాలిష్ పెట్టించాం అంటాం. ఆ "పెట్టించడం" అన్న మాటలోనే, పైన ఏదో పూసినట్టు, లేనిది చేర్చినట్టు ఒక ధ్వని ఉంది. మెషీన్ పాలిష్ కారుకి ఏదీ పెట్టదు. కారు నుంచి తీస్తుంది. అది తోముడే గాని పూత కాదు.

నా వాదన ఇక్కడినుంచే మొదలవుతుంది. విశాఖపట్నంలో కారు వన్నె తగ్గిందని మనం అనుకునేటప్పుడు చాలాసార్లు పోయింది రంగు కాదు. రంగు మీద ఏదో పేరుకుంది, లేదా రంగులోకి ఏదో దిగబడింది. పేరుకున్నదాన్ని కడగాలి, దిగబడినదాన్ని ఊడదియ్యాలి, అప్పటికీ మిగిలిన మసకకి మాత్రమే మెషీన్ తియ్యాలి. అదీ ఎంత తక్కువతో సరిపోతే అంతే. మన దగ్గర జరిగేది తరచు దీనికి తలకిందులు. పైపైన నీళ్లు కొట్టగానే మెషీన్ మొదలవుతుంది, సాయంత్రానికి కారు అద్దంలా తయారవుతుంది, అందరూ సంతోషిస్తారు. ఆ సంతోషానికి ఎంత చెల్లించామో రెండు మూడేళ్లకి గాని తెలియదు.

ఎందుకు తెలియదో చెప్పాలంటే ఆ రేకు మీద ఏముందో చూడాలి. ఇప్పటి కార్లలో ఎక్కువవాటికి ఉండేది ఒక్క రంగు కాదు, నాలుగు పూతలు. అడుగున తుప్పుని ఆపే పూత. కారు బాడీ మొత్తాన్ని తొట్టెలో ముంచి విద్యుత్తు సాయంతో ఎక్కిస్తారు. దాని మీద ప్రైమర్. దాని మీద మన కంటికి కనిపించే రంగు. మనం ఏరికోరి ఎంచుకునే ఈ రంగే అన్నిటిలోకీ పల్చనిది, సుమారు 15 మైక్రాన్లు. అన్నిటికీ పైన గాజులా పారదర్శకంగా ఉండే క్లియర్ కోటు. పెయింటర్లు దీన్ని ఉత్త "క్లియర్" అంటారు. నాలుగూ కలిపినా మందం 100 నుంచి 120 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు; మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. క్లియర్ కోటు ఒక్కటే 40 మైక్రాన్లు అటూ ఇటూ, అంటే వెంట్రుకలో సగం కంటె కాస్త ఎక్కువ. కారు మెరుపంతా, ఎండని ఆపే శక్తిలో పెద్ద భాగమూ ఆ సగం వెంట్రుకలోనే ఉన్నాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలను అందులోనే కలుపుతారు. అవి ఏటేటా కొంత ఖర్చవుతాయి, కొత్తగా వచ్చి చేరవు. క్లియర్ పల్చబడే కొద్దీ ఎండ కింది రంగు దాకా దిగుతుంది, పొరకీ పొరకీ మధ్య పట్టు సడలుతుంది, చివరికి పైపొర తెల్లగా పెచ్చులు లేస్తుంది. ముందుగా టాపు మీద, తర్వాత బానెట్ మీద, తర్వాత డిక్కీ మీద. ఎండకి ఎదురుగా పడుకున్నవి అవే కాబట్టి. ఆ దశ వచ్చాక ఏ పాలిషూ పనికిరాదు. రుద్దే కొద్దీ పెచ్చు అంచు పెరుగుతుంది, అంతే.

పాత కార్ల సంగతి వేరు. అంబాసిడర్లకి, ప్రీమియర్ పద్మినిలకి, 1983 చివర్లో రోడ్డెక్కిన మారుతి 800కి వేసినవి ఎక్కువగా క్లియర్ లేని సాదా రంగులు. ఎండకి పై పొర పొడిబారి, చేత్తో రాస్తే సున్నంలా అంటేది. ఎరుపు కార్లు గులాబీ రంగులోకి దిగేవి. రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి రుద్దితే గుడ్డంతా రంగు అయ్యేది, చచ్చిన పొర పోయి కింద అదే రంగు కొత్తగా తేలేది. అక్కడ ఇత్తడి పాత్ర న్యాయం నడిచింది: ఎంత తోమినా కింద ఉన్నదీ ఇత్తడే. మన వర్క్‌షాపుల అలవాట్లు, మన నమ్మకాలు ఆ కార్ల మీద పుట్టాయి. ఇప్పటి కారు గిల్టు నగ లాంటిది. పైపూత ఉన్నంతవరకే మెరుపు. అది అరిగితే కింద ఉన్నది వేరే లోహం. గిల్టు నగని ఎవరూ చింతపండు పెట్టి తోమరు. మన కారు ఏ జాతిదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. డోరు లోపలి అంచున, ఎవరికీ కనిపించని చోట, తెల్లగుడ్డకి (కారు తెల్లదైతే నల్లగుడ్డకి) కొద్దిగా పాలిష్ రాసి రుద్ది చూస్తే చాలు. కారు రంగు గుడ్డకి అంటితే క్లియర్ లేదు. అంటకపోతే ఉంది. సాదా రంగు వేసిన చవక కార్ల విషయంలో ఈ పరీక్ష ఇప్పటికీ తప్పనిసరి.

అసలు మెరుపు అంటే ఏమిటి? ఉపరితలం నున్నగా ఉంటే దాని మీద పడిన వెలుగు ఒకే దిక్కుకి తిరిగి వస్తుంది. అందులో మన మొహం కనిపిస్తుంది. సన్నని గీతలు వేల సంఖ్యలో పడితే ఆ వెలుగు తలో దిక్కుకీ చెదురుతుంది. అప్పుడు నలుపు బూడిదలా, ఎరుపు పాలు కలిపినట్టు కనిపిస్తాయి. రంగు ఎక్కడికీ పోలేదు. దాని మీద ఉన్న గాజు గీరుకుపోయింది. మధ్యాహ్నం ఎండలో బానెట్ వైపు చూస్తే సూర్యబింబం చుట్టూ సాలెగూడులా కనిపించే గీతలు ఇవే. మెషీన్ చేసే పని ఏమిటంటే, ఆ గీతల లోతు దాకా చుట్టూ ఉన్న క్లియర్‌ని కూడా అరగదీసి అంతా ఒకే మట్టానికి తేవడం. గుంత పూడ్చడం కాదు, గుంత మట్టానికి చేనంతా తవ్వడం. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా లెక్కంతా దానంతట అదే తేలుతుంది.

ఇక మన ఊరి సంగతి. దక్షిణాన డాల్ఫిన్ నోస్, యారాడ కొండలు. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు. నడుమ గిన్నెలా ఉన్న పల్లంలో ఓడరేవు, రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, షిప్‌యార్డు, వాటి మధ్య కాలనీలు. 1933లో రేవు తెరిచిన నాటినుంచి ఈ ఊరు ఖనిజాల దారి. 1960లలో జపాన్‌కి ఎగుమతి కోసం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వేసిన కె.కె. రైలు లైను మీద బైలడిల్లా గనుల ఇనుప రాయి ఇక్కడికి దిగింది. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టులో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఆ రాయినీ, విదేశాల నుంచి వచ్చే బొగ్గునీ మింగుతోంది. పగటిపూట సముద్రం మీంచి నేల మీదికి వీచే గాలి రేవు దగ్గరి బొగ్గు నుసిని జ్ఞానాపురం, వన్ టౌన్ ఇళ్ల మీదికి మోస్తుంది. అక్కడి కిటికీ గడపలు, ఆరేసిన బట్టలు ఏళ్ల తరబడి దీనికి సాక్ష్యం చెబుతూనే ఉన్నాయి. దీనికి ఉప్పు తోడు. సముద్రపు తుంపర ఎండిపోయి మిగిల్చిన ఉప్పు పొడిగా ఉన్నంతసేపు పెద్దగా హాని చెయ్యదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మాత్రం ఉప్పు తనంతట తానే గాలిలోని నీటిని లాగి కరుగుతుంది. విశాఖలో ఆ గీత దాటని రాత్రులు తక్కువ. అంటే బీచ్ రోడ్డులో, ఎం.వి.పి. కాలనీలో బయట నిలిపిన కారు మీద వాన లేకుండానే దాదాపు ప్రతి రాత్రీ పల్చటి ఉప్పునీటి పొర ఏర్పడి, పొద్దెక్కాక ఆరుతుంది. ఆ ఆరడంలో దుమ్ముని రేకుకి అతికించేస్తుంది. తెల్లకారు బూడిదబారి, నల్లకారు తెల్లబారి కనిపించడానికి మొదటి కారణం ఈ అతుకే. కాబట్టి విశాఖలో వెలిసిపోవడం అనేది ముందుగా ఉతకాల్సిన విషయం, తర్వాతే అరగదియ్యాల్సిన విషయం.

ఈ దుమ్ము స్వభావం కూడా తెలియాలి. బొగ్గు మెత్తనిదే, కానీ బొగ్గుతో వచ్చే మట్టిలో, రోడ్డు దుమ్ములో ఇసుక రేణువు ఉంటుంది. ఖనిజాల కాఠిన్యాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానం మీద ఇసుకలోని క్వార్ట్జ్ 7. ఇనుప రాయి, అంటే హెమటైట్, 5.5 నుంచి 6.5. ఒడిశాలోని దామన్‌జోడి నుంచి నాల్కో ఎగుమతి చేసే అల్యూమినా కూడా మన రేవు మీదుగానే పోతుంది. పాలిష్ డబ్బాలో అరగదీసే పొడిగా వాడేది కూడా అల్యూమినాయే. పాలిష్ కోసం దాన్ని గట్టిపరిచి, ఒకే సైజుకి జల్లెడ పట్టి, నూనెల్లో కలుపుతారు. ఇంత చెప్పడం ఎందుకంటే, పొద్దున్నే పొడి గుడ్డతోనో ఈకల కుంచెతోనో కారుని దులిపే అలవాటు ఉన్న ఇళ్లలో ప్రతిరోజూ ఒక పాలిష్ జరిగిపోతోంది. సైజు లేని, జల్లెడ పట్టని, నూనె కలపని పొడితో. సాలెగూడు గీతల్లో ఎక్కువ భాగం అలా పుట్టినవే. ఏడాదంతా పొడిగుడ్డతో గీకి, ఏడాది చివర మెషీన్‌తో ఆ గీతలు తీయించి, మర్నాడు పొద్దున మళ్లీ అదే గుడ్డ అందుకుంటే, మెషీన్ తప్పేమీ లేదు. మీద దుమ్ము ఉండగా కారు మీదికి కవరు లాగడమూ ఇదే పని. పెద్ద గుడ్డతో చేస్తున్నాం, అంతే తేడా.

ఇంతకంటె జాగ్రత్తగా చూడాల్సింది ఇనుప రజను. ఖనిజపు దుమ్ముకీ దీనికీ తేడా ఉంది. హెమటైట్ అప్పటికే పూర్తిగా తుప్పు పట్టిన ఇనుము. అది గీకుతుంది గాని మళ్లీ తుప్పు పట్టదు. రజను అలా కాదు, అది లోహం. రైలు చక్రం పట్టాల మీద ఒరుసుకున్నప్పుడు, లారీ బ్రేకు నొక్కినప్పుడు, గాజువాక ఆటోనగర్ షెడ్లలో గ్రైండర్ కింద నిప్పురవ్వలు ఎగిసినప్పుడు పుట్టేది ఇదే. వేడిగా ఉన్న రవ్వ క్లియర్ మీద పడితే అందులో దిగి కూర్చుంటుంది. తర్వాత తేమకి, ఉప్పుకి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి చుట్టూ ఉన్న క్లియర్‌ని చీలుస్తుంది. తెల్లకారు మీద మిరియపు పొడి చల్లినట్టు నారింజ చుక్కలు కనిపిస్తే అవి ఇవే. కనపడకపోయినా వేలికి తెలుస్తాయి. కారు కడిగి ఆరాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద నెమ్మదిగా జరిపితే, గాజులా ఉండాల్సిన చోట గరుకు కాగితంలా తగులుతుంది. ఈ స్థితిలో మెషీన్ పెడితే ఏమవుతుందో ఊహించండి. ప్యాడు ఆ రజనుని పెకిలిస్తుంది, పెకిలిన రజను ప్యాడులోనే ఇరుక్కుని, నిమిషానికి వేల చుట్లతో కారంతా గీస్తుంది. మరి దీనికి మార్గం రెండు మెట్లు. ఇనుముతో కలిసి ఊదారంగులోకి మారే ద్రావకాన్ని చల్లి, ఎండిపోకముందే కడగడం మొదటిది. వాసన ఘాటుగా ఉంటుంది, చేతికి గ్లౌజు ఉండాలి, గాలి ఆడే చోట నీడన చెయ్యాలి. మిగిలినదాన్ని క్లే అనే మెత్తని ముద్దతో, సబ్బునీరు జారుడుగా వాడి, లాగెయ్యడం రెండోది. మన రేవు నుంచి ఇనుప రాయిని తీసుకెళ్లిన జపాన్‌లోనే, కార్ల మీది ఇనుప రజనుని తీసే ఈ క్లే కూడా రూపుదిద్దుకుంది. ఈ రెండు మెట్లూ అయ్యాక, అసలు మెషీన్ అవసరమే లేదని తేలే కార్లు కొన్నైనా ఉంటాయి. ఆ అవకాశాన్ని మనం కారుకి ఇవ్వడం లేదన్నదే నా ఫిర్యాదు.

అయినా మసక మిగిలితే? అప్పుడు మెషీన్ కావాలి, దాన్ని నేను కాదనను. చేత్తో రుద్ది తియ్యలేని గీతల్ని, వానచుక్కలు ఆరి మిగిల్చిన మచ్చల్ని, పొడిబారిన పైపొరని అది సమంగా, పొదుపుగా తీస్తుంది. మెషీన్లలో రెండు జాతులు ఉన్నాయి. ఒకే ఇరుసు మీద గిరగిర తిరిగేది రోటరీ. వేగంగా కోస్తుంది, వేగంగా వేడెక్కుతుంది, నేర్పరి చేతిలోనే అందం. తిరుగుతూనే అటూ ఇటూ ఊగేది డ్యూయల్ యాక్షన్. నెమ్మది, కానీ ఒకే చోట కాల్చెయ్యదు. రోటరీతో అయితే నిమిషానికి 600 నుంచి 3,000 చుట్ల మధ్య ఈ పనంతా అయిపోతుంది. ఇనుము కోసే చిన్న గ్రైండర్ 10,000 చుట్లకి పైగా తిరుగుతుంది. దానికి ఉన్ని ప్యాడు బిగించి కారు మీద పెట్టడం పాలిషింగ్ అనిపించుకోదు. ఇక పద్ధతి. ముందు పేపర్ టేపుతో అంచులు, గీటు వంపులు మూసెయ్యాలి. తడిగా ఉన్నప్పుడు పెయింటు పదునైన అంచు నుంచి వెనక్కి జారుతుంది కాబట్టి అక్కడ పూత మొదటినుంచీ పల్చనే. బంపర్ ప్లాస్టిక్; రేకులా వేడిని పక్కలకి పంచదు, క్షణంలో కాలుతుంది, కాబట్టి అక్కడ వేగం, ఒత్తిడి రెండూ తగ్గాలి. రెండడుగుల చదరం ఎంచుకుని, మెత్తని ఫోమ్ ప్యాడుతో, సన్నని పాలిష్‌తో మొదలుపెట్టి, తుడిచి, దీపం వెలుగులో చూడాలి. చాలకపోతేనే ఒక మెట్టు గరుకుకి పోవాలి. గోరు పెట్టి లాగినప్పుడు గోటికి తగిలే గీతని వదిలెయ్యాలి; దాన్ని తియ్యాలంటే క్లియర్ మొత్తం తియ్యాలి. మన దగ్గర అలవాటు గరుకు కాంపౌండ్‌తో, ఉన్ని ప్యాడుతో మొదలుపెట్టడం. వైద్యంలో అయితే దీన్ని ముందు కోసి తర్వాత నాడి చూడడం అంటారు.

అభ్యంతరాలు ఉన్నాయి, బలమైనవే. మొదటిది: ఏటేటా పాలిష్ చేయిస్తున్న కార్లు ఊళ్లో బోలెడు ఉన్నాయి, వాటికేమీ కాలేదు కదా? లెక్క వేద్దాం. ఒక్కో గట్టి పాలిష్‌కి మూడు మైక్రాన్లే పోయాయనుకుందాం. ఏడాదికి ఒకటి చొప్పున ఐదేళ్లకి 15 మైక్రాన్లు, 40లో మూడో వంతుకి పైన. కారు అప్పటికీ మెరుస్తూనే ఉంటుంది. మెరుపుకి పైన పలుచటి పొర నున్నగా ఉంటే చాలు. ఎండని ఆపడానికి మాత్రం మందం కావాలి. అందుకే నష్టం మెరుపులో కనపడదు. ఆరో ఏటో ఏడో ఏటో టాపు మీద తెల్లమచ్చ లేచినప్పుడు మనం ఎండని తిడతాం, కంపెనీని తిడతాం, పాలిష్‌ని తలుచుకోం. వడ్డీతో బతుకుతున్నామనుకుంటూ అసలు తినేసిన ఇంటి కథ ఇది. దీనికి మందు కొలత. పెయింటు మందాన్ని కొలిచే చేతి పరికరం రేకు మీద పెడితే అంకె చెబుతుంది. దానికీ పరిమితులున్నాయి: అది నాలుగు పూతల మొత్తాన్నే చెబుతుంది గాని క్లియర్ ఎంతో విడదీసి చెప్పదు, మామూలు రకాలు ప్లాస్టిక్ మీద పనిచెయ్యవు. అయినా టాపు మీద 110, ఒక డోరు మీద 75 అని చూపిస్తే ఆ డోరుని ఇప్పటికే ఎవరో తోమేశారని తెలుస్తుంది. 250 చూపిస్తే అక్కడ మళ్లీ పెయింటింగ్ జరిగిందని తెలుస్తుంది. మెషీన్ పట్టే ముందు ఈ అంకెలు కాగితం మీద రాసివ్వమని అడగడం కారు యజమాని హక్కు అని నేను గట్టిగా అంటాను.

రెండో అభ్యంతరం: సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఈ గొడవంతా ఉండదు కదా? ఇది తోముడు కాదు, నిజంగా పూతే; ఆ మేరకు మంచిది. నీళ్లు జారిపోతాయి, దుమ్ము తేలిగ్గా వదులుతుంది, పక్షి రెట్ట రంగుని తాకడానికి కొంత సమయం పడుతుంది. కానీ దాని మందం ఒకటి రెండు మైక్రాన్లు. అది గీతల్ని పూడ్చదు, రాయి తగిలితే ఆపదు, ఉప్పు పొరని రాకుండా చెయ్యదు. పైగా కోటింగ్ కింద గీతలు కనిపించకూడదని ముందు కారంతా గట్టిగా పాలిష్ చేస్తారు. రెండు మైక్రాన్లు పుయ్యడానికి నాలుగు మైక్రాన్లు తీసే బేరం అయితే ఆలోచించుకోవాలి. కొత్త కారుకి, తేలికపాటి పాలిష్ తర్వాత వేస్తే సరే. వెలిసిన కారుకి మందు అని అమ్మితే నమ్మకూడదు.

మూడోది నాకు అన్నిటికంటె ప్రమాదకరంగా తోచేది: ఇంత లెక్కలెందుకు, పోతే మళ్లీ పెయింటు వేయిస్తాం. ఫ్యాక్టరీలో క్లియర్ కోటుని సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అప్పుడు బాడీలో సీట్లు లేవు, వైర్లు లేవు, ప్లాస్టిక్ లేదు. అన్నీ బిగించిన కారుని తర్వాత ఎంత మంచి వర్క్‌షాపయినా 60, 70 డిగ్రీల దగ్గరే ఆరబెట్టగలదు. పెయింటు రకం వేరు, గట్టిదనం వేరు. ఆ మంచి వర్క్‌షాపు కాకుండా తలుపుల్లేని షెడ్డులో, రేవు గాలి ఆడే చోట వేయిస్తే తడి పెయింటు మీద బొగ్గు నుసి వాలి గింజకడుతుంది. ఆ గింజల్ని వాటర్ పేపర్‌తో రుద్ది, మళ్లీ మెషీన్ పెట్టాలి. కంపెనీ పూత ఒకసారి పోతే డబ్బుతో తిరిగిరాదు. అందుకే మైక్రాన్లు లెక్కపెట్టడం.

నీళ్ల సంగతి అడిగేవారూ ఉంటారు: వేసవిలో తాగునీటికే ఎదురుచూసే వీధులున్న ఊళ్లో కారు కడగమంటారా అని. న్యాయమైన ప్రశ్న. పైపు వదిలేసి కడగమని ఎవరూ చెప్పకూడదు. ముందు ఒక బకెట్టు నీళ్లు మీదనుంచి పోసి ఉప్పునీ ఇసుకనీ జార్చేసి, తర్వాత ఒక బకెట్టులో షాంపూ నీళ్లు, ఇంకొక బకెట్టులో గుడ్డ జాడించుకునే నీళ్లు పెట్టుకుంటే, చివరి జాడింపుతో కలిపి నాలుగైదు బకెట్లలో కారు అవుతుంది. వారానికి ఒకసారి చాలు. మిగతా రోజుల్లో దుమ్ము ఉంటే ఉండనివ్వండి. ముట్టుకోని దుమ్ము గీకదు. బోరు నీళ్లతో కడిగితే ఎండలో ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి, లేకపోతే ఆ నీళ్లలోని సున్నం తెల్లచుక్కలై కూర్చుంటుంది. ఆ చుక్కలు తియ్యడానికి మళ్లీ మెషీనే.

ఇంకొక ప్రశ్న కార్లని దాటి పోతుంది. దుమ్ము చేసేవాళ్లు చేస్తుంటే కడుక్కునే బాధ్యత మాదా అన్నది. ఇందులోని కోపానికి నేను విలువ ఇస్తాను. కారు టాపు మీద చేరిన నుసి ఆ వీధి పిల్లల ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది. వాటికి క్లే లేదు, పాలిష్ లేదు. బొగ్గు కుప్పల మీద నీళ్లు చల్లడం, కన్వేయర్లకి కప్పు, లారీలకి టార్పాలిన్, రేవు చుట్టూ చెట్లు, ఇవన్నీ పూర్తిగా, రోజూ అమలు కావాలని అడుగుతూనే ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి చెట్లని కూల్చినప్పుడు పోయినది నీడ మాత్రమే కాదు, దుమ్ముని పట్టి ఉంచే ఆకు కూడా. ఆ అడగడం కారు యజమాని కూడా చెయ్యాలి. కానీ అది నెరవేరేదాకా పొడిగుడ్డతో తుడుస్తూ ఉంటాననడం, ఆ దుమ్ము చేసే నష్టానికి మన చేత్తో సాయం చెయ్యడమే.

వర్క్‌షాపు పనివాళ్ల మీద నింద వెయ్యడం నా ఉద్దేశం కాదు. వాళ్ల చేతుల్లో ఉన్న నేర్పు తక్కువది కాదు. ప్యాడు శబ్దం మారితే వేడి పెరిగిందని గ్రహించే పనివాళ్లున్నారు. కానీ గిరాకీ అడిగేది గంటలో మెరుపు, ఇచ్చేది ఆ గంటకి కూలి. ఆ కూలికి కడగడం, రజను తియ్యడం, టేపు వెయ్యడం, కొలవడం కుదరవు. కుదిరేది గరుకు కాంపౌండ్, ఉన్ని ప్యాడు, ఆ పైన గీతల్ని కప్పే నూనె. నాలుగు కడుగుళ్లకి ఆ నూనె పోయి గీతలు తేలితే, పాలిష్ నిలవలేదంటాం. నిలవకపోవడం కాదు, అప్పుడు జరిగింది సగం పాలిష్, సగం కప్పిపుచ్చడం. రోజంతా పట్టే పనికి రోజు కూలి ఇచ్చే గిరాకీ ఉంటే, రోజంతా పట్టి చేసే పనివాళ్లు ఈ ఊళ్లోనే దొరుకుతారు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా జల ఉష ఓడని నీటిలోకి దించిన షిప్‌యార్డు ఉన్న ఊరు ఇది. ఓడకి పెయింటు అందం కోసం కాదని, ఉప్పునుంచి ఉక్కుని కాపాడడానికని ఇక్కడి కార్మిక కుటుంబాలకి మూడు తరాలుగా తెలుసు. కారు కూడా ఉక్కే, ఇక్కడి ఉప్పు కూడా అదే.

కాలం ఎంచుకోవడం గురించి ఒక మాట. పాలిష్ పని పెట్టుకోవలసి వస్తే డిసెంబరు, జనవరి మంచివి. గాలిలో తేమ తక్కువ, రేకు చల్లగా ఉంటుంది, పాలిష్ ప్యాడు మీద ఎండిపోకుండా పని జరుగుతుంది. మూసిన షెడ్డులోనో, కనీసం నీడనో చెయ్యాలి. మే నెలలో చెయ్యి పెట్టలేనంతగా కాలిన బానెట్ మీద ఆ పని మొదలుపెట్టనే కూడదు. విశాఖ నేల మీద సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు: మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి రోజుల్లో ఇంకోసారి. ఆ మధ్యాహ్నం నిలువుగా నాటిన కర్రకి నీడ పడదు. ఆ ఎండని పాలిష్ తర్వాత పూసే మైనం (వ్యాక్స్) పెద్దగా ఆపలేదు, చెట్టు నీడో కార్ల షెడ్డో ఆపాలి. మైనం చేసేది ఉప్పు, రెట్ట, నుసి క్లియర్‌ని నేరుగా అంటకుండా చూడడం. ఆ పూత ఏప్రిల్ దాటకుండా వేసుకుని, వానల మధ్య ఆగస్టులో ఇంకోసారి వేసుకోవచ్చు. టాపుకి, బానెట్‌కి రెండు చేతులు. డోర్లకి ఒకటి చాలు.